తనంతట తానే మారు గేరు

కారు నడుపుట నేర్చుకొన్నవారికి తొలి దినములలో పడిన యిక్కట్లు జ్ఞాపకముండక మానవు. ఎడమకాలు క్లచ్చిమీద, కుడికాలు యాక్సిలరేటరుమీద, ఎడమచేయి గేరు కడ్డీమీద, కన్నులు బాటమీద. ఈ నాలుగింటికి పొత్తు కుదురువరకు కారు కుందేలువలె గెంతును; నడిబజారులో ఇంజను ఆగిపోవును; వెనుకనున్న లారీ హారను మ్రోగును; ప్రక్కన కూర్చుండి నేర్పువారి ఓర్పు నశించును. ఈ బాధనుండి మనుష్యుని తప్పింపవలెనని ఇంజనీర్లు పడిన శ్రమకు నూరేండ్లకు మించిన చరిత్ర కలదు. ఆ చరిత్రను నేడు మనవి చేయదలచితిమి.

దానిని కేవలము వింతకథగా చెప్పుట మా ఉద్దేశము కాదు. పాత ఆటోమేటిక్ కారు మొండికెత్తినప్పుడు దోషమెక్కడ నున్నదో వెదకు దారి ఆ చరిత్రలోనే ఉన్నది. ఇది మాకు తెలిసివచ్చినది మా ఇంటి అనుభవము వలననే.

మా మేనమామగారు 1970 దశాబ్దములో పై చదువునకై అమెరికా వెళ్లిరి. అట్లు వెళ్లిన పెక్కుమంది విద్యార్థులవలెనే ఆయనయు చేతిలోని కొద్దిపాటి డాలర్లతో, పదేండ్లు నలిగిన కారు నొకదానిని కొనిరి. అది క్లచ్చి లేని ఆటోమేటిక్ బండి. ఒక చలికాలమున దానికి రోగము పట్టెను. మొదటి గేరులోనే ఇంజను గోలపెట్టుచు పరుగెత్తును. ఎంతసేపటికిని రెండవ గేరు పడదు. పడినప్పుడు వెనుకనుండి ఎవరో తన్నినంత కుదుపు. ఒక వర్క్‌షాపువారు చూచి, గేరుపెట్టెను దింపి సమస్తము మార్చవలెననిరి. దానికి చెప్పిన వెల ఇంచుమించు కారు కొన్న వెలయే! కారును తుక్కుక్రింద అమ్మివేయుదునా యని ఆయన ఆలోచనలో పడిరి. తరువాత నేమయ్యెనో చివర చెప్పెదము. ముందు ఆ గేరుపెట్టె పుట్టుపూర్వోత్తరములు చూతము.

ఇంతకును కారునకు గేరు లెందుకు? ఎద్దు నిలిచినచోటనుండి బండిని కదలింపగలదు. పెట్రోలు ఇంజనునకు ఆ శక్తి లేదు. అది చురుకుగా తిరుగుచున్నప్పుడే బలము చూపును. నెమ్మదించినచో నీరసించి ఆగిపోవును. కనుక బండి బయలుదేరునప్పుడును, ఎత్తు ఎక్కునప్పుడును ఇంజను వడిగా, చక్రము నెమ్మదిగా తిరుగవలెను. చదునైన బాటమీద రెండును దగ్గరి వేగములతో సాగవలెను. పండ్ల చక్రములలో చిన్నది పెద్దదానిని త్రిప్పినచో వేగము తగ్గి బలము పెరుగును. ఇదియే గేరు రహస్యము.

1890 దశాబ్దములో ఫ్రాన్సు దేశపు పనార్, లెవస్సార్‌ల కార్లలో గేరుచక్రములను కడ్డీతో జరిపి ఒకదానితో నొకటి కలుపు పద్ధతి స్థిరపడెను. కాని వేరువేరు వేగములతో తిరుగు రెండు ఇనుప చక్రములను కలుపబోయినచో పండ్లు కరకర కొరుకుకొనును. ఈ రాపిడిని అణచుటకు 1928లో అమెరికాలోని క్యాడిలాక్ కంపెనీవారు సింక్రోమెష్ అను ఏర్పాటును తమ కార్లలో ప్రవేశపెట్టిరి. దానిని కనిపెట్టినవాడు ఎర్ల్ థాంప్సన్. ఈ పేరు మరల వచ్చును.

పండ్లను విడదీసి కలుపు బాధ లేని మార్గము మరియొకటి కలదు. నడుమ నొక చక్రము. దానిని సూర్యచక్ర మందురు. దాని చుట్టును తిరుగు చిన్న చక్రములు గ్రహచక్రములు. వీటి నన్నిటిని చుట్టి లోపలివైపున పండ్లు గల పెద్ద వలయము. ఈ మూడును ఎల్లప్పుడు కలిసియే యుండును. విడిపోవుట లేదు, కొరుకుకొనుట లేదు. వీటిలో నొకదానిని పట్టి నిలిపినచో ఒక వేగము, వేరొకదానిని నిలిపినచో వేరొక వేగము, రెండింటిని జతగా బంధించినచో మూడును ఒక్కటై తిరుగును. 1908లో వెలువడిన ఫోర్డు మోడల్ టీ కారులో నున్నది ఇట్టి రెండు వేగముల ఏర్పాటే. 1927 వరకు కోటిన్నరకు మించిన కార్లు ఈ పద్ధతితో తయారయ్యెను. కాని వాటిలో ఏ చక్రమును ఎప్పుడు నిలుపవలెనో నిర్ణయించునది తోలువాని కాలే. యంత్రమునకు చేయి కుదిరినది, బుద్ధి ఇంకను కుదురలేదు.

ఆ బుద్ధి యన నేమి? అనుభవముగల డ్రైవరును గమనింపుడు. గేరు మార్చుటకు ముందు ఆయన రెండు సంగతులు తెలిసికొనును. బండి ఎంత వేగముగా పోవుచున్నది? ఇంజనుమీద ఎంత బరువు పడుచున్నది? మొదటిది కన్ను చెప్పును, రెండవది చెవియు, కాలును చెప్పును. వేగ మొకటే అయినను చదునునందు పెద్ద గేరు, ఎత్తునందు చిన్న గేరు వేయుట ఈ రెండవ జ్ఞానము వలననే. ఆటోమేటిక్ గేరు చరిత్ర యంతయు ఈ రెండు వార్తలను యంత్రమునకు చేరవేయుటకు జరిగిన ప్రయత్నమే యని చెప్పవచ్చును.

1904లో బోస్టను నగరమునకు చెందిన స్టర్టివంట్ సోదరులు తొలి ప్రయత్నము చేసిరి. వారి యంత్రములో ఇంజను వడి హెచ్చినకొలది ఇనుప బరువులు విసురునకు వెలుపలికి జరిగి పై గేరును పట్టించును. ఆలోచన చక్కనిదే; కాని ఆ బరువులు తరచు చెడుచుండెను. అంతకంటె ముఖ్యమైన లోప మొకటి కలదు. దానికి తెలిసినది వేగమొక్కటే. తోలువాని కాలు ఏమి కోరుచున్నదో దానికి తెలియదు. ఒక్క వార్తతో తీర్పు చెప్పు న్యాయాధిపతి గతియే దానికిని పట్టెను.

ఇంతలో ఓడల కార్ఖానానుండి అనుకోని సాయము వచ్చెను. జర్మనీలో స్టెటిన్ రేవులోని వుల్కాన్ కంపెనీలో పనిచేయు హెర్మన్ ఫోటింగర్ అను ఇంజనీరు, ఓడలోని టర్బైను బలమును ప్రొపెల్లరునకు ద్రవము ద్వారా అందించు సాధనమునకు 1905లో పేటెంటు పొందెను. దానిని గ్రహించుటకు ఇంటిలోని ఉపమానము చాలును. రెండు బల్ల ఫాన్లను ఎదురెదురుగా నుంచి ఒకదానికి మాత్రము కరెంటు ఇండు. దాని గాలికి రెండవదియు మెల్లగా తిరుగసాగును. రెండవదానిని చేతితో పట్టి ఆపినను మొదటిది ఆగదు. గాలికి బదులు నూనె నుంచి, రెండింటిని ఒకే డిప్పలో బిగించినచో అదియే ద్రవసంధి. ఇంజను తిరుగుచున్నను కారు నిలిచియుండగలదు. యాక్సిలరేటరు నొక్కగనే మెత్తగా కదలును. క్లచ్చితో పని తీరెను.

బ్రిటనులో 1930లో డైమ్లర్ కంపెనీవారు ఈ ద్రవసంధిని, వాల్టర్ విల్సన్ రూపొందించిన గ్రహచక్రముల గేరుపెట్టెతో జతచేసిరి. ఈ విల్సన్ మొదటి ప్రపంచయుద్ధ కాలమున టాంకును సృష్టించినవారిలో నొకడు. ఆయన గేరుపెట్టెలో కావలసిన గేరును డ్రైవరు ముందుగా ఎన్నుకొని, తరువాత పెడలు నొక్కగా యంత్రము దానిని వేయును. ఇంగ్లండులోని బస్సు డ్రైవర్ల కాళ్లకు ఇది గొప్ప ఉపశమనము. అయినను నిర్ణయము మనుష్యునిదే.

రెండు వార్తలను విని తానే నిర్ణయించు యంత్రము 1939లో వచ్చెను. అమెరికాలోని జనరల్ మోటార్స్ సంస్థవారు 1940 మోడలు ఓల్డ్స్‌మొబిల్ కార్లలో 57 డాలర్ల అదనపు వెలకు దానిని అమ్మిరి. దాని పేరు హైడ్రామాటిక్. దానిని నిర్మించిన బృందమునకు నాయకుడు, సింక్రోమెష్ కనిపెట్టిన ఆ ఎర్ల్ థాంప్సనే. ముందునకు నాలుగు వేగములు, ద్రవసంధి, గ్రహచక్రములు. వీటన్నిటిని నడుపు బుద్ధి ఉక్కు కవాటములలోను, వాటి నడుమ ప్రవహించు నూనెలోను ఉండెను.

ఆ బుద్ధి పనిచేయు తీరు చూడదగినది. చక్రములకు బలమిచ్చు ఇరుసుతో పాటు తిరుగు గవర్నరు అను చిన్న సాధన మొకటి కలదు. కారు వేగము పెరిగినకొలది అది నూనె ఒత్తిడిని పెంచును. ఇది వేగపు వార్త. యాక్సిలరేటరునకు తగిలించిన కడ్డీ వేరొక కవాటమును కదల్చి, కాలు నొక్కినకొలది మరియొక ఒత్తిడిని పెంచును. ఇది బరువు వార్త. ఈ రెండు ఒత్తిళ్లును ఒకే కవాటపు రెండు చివరలకు వచ్చి, కోడిపుంజులవలె ఎదురెదురుగా నిలుచును. వేగపు ఒత్తిడి గెలిచినచో కవాటము జరిగి పై గేరునకు నూనె దారి తెరచును. కాలి ఒత్తిడి గెలిచినంతవరకు క్రింది గేరే నిలుచును. మెల్లగా తోలువానికి గేర్లు తొందరగా మారుటకును, ఎత్తెక్కునప్పుడు ఆలస్యముగా మారుటకును కారణ మిదియే.

నూనె దారి తెరచినపుడు ఏమగును? గ్రహచక్రముల డోలును చుట్టియున్న పట్టీ బిగియును, లేదా పలుచని పలకల క్లచ్చి అదుముకొనును. గేరు పండ్లు మాత్రము కదలక ఎక్కడివక్కడనే కలిసియుండును. ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనుడు. ఆటోమేటిక్ గేరుపెట్టెలో పండ్లు విరుగుట అరుదు. అరుగునవి పట్టీలు, పలకలు. తప్పుదారి పట్టునవి వార్తలు.

రెండవ ప్రపంచయుద్ధములో ఈ యంత్రమునకు గట్టి పరీక్ష జరిగెను. అమెరికా సైన్యపు ఎమ్5 తేలిక టాంకులో రెండు క్యాడిలాక్ ఇంజన్లును, వాటికి రెండు హైడ్రామాటిక్ గేరుపెట్టెలును అమర్చిరి. యుద్ధము ముగిసిన తరువాత అమెరికాలో ఆటోమేటిక్ కార్లకు గిరాకి ప్రబలెను. 1948లో బ్యూయిక్‌వారి డైనాఫ్లో, 1949లో పాకార్డువారి అల్ట్రామాటిక్, 1950లో సామాన్యుల కారైన షెవ్రలేలో పవర్‌గ్లైడ్ వరుసగా వచ్చెను. వీటిలో ద్రవసంధికి బదులు టార్కు కన్వర్టరు కలదు. రెండు ఫాన్ల నడుమ మూడవ రెక్కల చక్రమునుంచి, తిరిగివచ్చు నూనెను మరల త్రోవకు త్రిప్పి, బయలుదేరునప్పుడు ఇంజను బలమును హెచ్చించు సాధన మది. ఇదియు ఫోటింగర్ ఊహ నుండి పుట్టినదే.

ద్రవముతో బలము నందించు ఈ విద్యలో మన దేశమువారును వెనుకబడి యుండలేదు. రైల్వే ఇంజనీరైన మన్‌మోహన్ సూరి, డీజిలు రైలు ఇంజన్లకై ద్రవమును, గేర్లను కలిపి నడుపు పద్ధతి నొకదానిని రూపొందించెను. అది సూరి ట్రాన్స్‌మిషన్ అను పేర ప్రసిద్ధి చెందెను. 1962లో ఆయనకు ఇంజనీరింగు శాస్త్రములో శాంతిస్వరూప్ భట్నాగర్ బహుమతి లభించెను.

ఆటోమేటిక్ గేరునకు ప్రజ లెంతగా అలవాటుపడిరో 1953లో ఒక అగ్నిప్రమాదము వలన వెల్లడియయ్యెను. డెట్రాయిట్ సమీపమున లివోనియాలో హైడ్రామాటిక్ పెట్టెలను తయారుచేయు మహా కర్మాగారము ఉండెను. ఆగస్టు 12వ తేదీన అక్కడ మరమ్మతు చేయుచుండగా మంట రేగెను. చమురు నిండిన ఆ కర్మాగారము భస్మమై, ప్రాణనష్టము కూడ జరిగెను. క్యాడిలాక్, ఓల్డ్స్‌మొబిల్, పాంటియాక్ కార్లకేకాక, పోటీ కంపెనీవారి లింకన్ కారునకు సైతము గేరుపెట్టెలు ఆ ఒక్క చోటనుండియే రావలసియుండెను. క్లచ్చి కార్లు అమ్ముదమన్నను కొనువారు లేరు. కొంతకాలము క్యాడిలాక్‌వారు బ్యూయిక్‌వారి డైనాఫ్లోను అమర్చి కార్లు అమ్మవలసివచ్చెను. తరువాత విల్లో రన్ అనుచోట, యుద్ధకాలమున బాంబరు విమానములు తయారైన భవనములో హైడ్రామాటిక్ ఉత్పత్తి మరల సాగెను.

ఈ యంత్రములు వ్యాపించినకొలది క్రొత్త చిక్కులును పుట్టెను. మొదటిది కడ్డీ వరుస. ఒక్కొక్క కంపెనీ ఒక్కొక్క వరుసను పెట్టెను. కొన్ని కార్లలో క్రింది గేరు ప్రక్కనే వెనుక గేరు ఉండెను. ముందునకు పోదమని కడ్డీ లాగిన డ్రైవరు వెనుకకు పోయి గోడకో, మనుష్యునికో తగులు ప్రమాద మందుండెను. 1965లో రాల్ఫ్ నాడర్ కార్ల భద్రతను గూర్చి వ్రాసిన గ్రంథములో దీనిని తీవ్రముగా ఖండించెను. 1968 నుండి అమలైన అమెరికా భద్రతా నిబంధన ప్రకారము వెనుక గేరునకును ముందు గేర్లకును నడుమ న్యూట్రలు ఉండితీరవలెను. నేడు ఆటోమేటిక్ కార్లలో సాధారణముగా కనుపించు పార్కు, రివర్సు, న్యూట్రలు, డ్రైవు అను వరుస స్థిరపడినది ఇట్లే.

రెండవ చిక్కు నూనెది. గేరుపెట్టెలోని నూనె పరస్పర విరుద్ధములైన రెండు పనులు చేయవలెను. తిరుగు భాగములను జారనియ్యవలెను. క్లచ్చి పలకలను జారనియ్యక పట్టనియ్యవలెను. జనరల్ మోటార్స్‌వారు 1949లో దీనికి టైప్ ఏ అను ప్రమాణమును, 1967లో డెక్స్‌రాన్ అను ప్రమాణమును ఏర్పరచిరి. ఈ గుణమును సమకూర్చుటకు వారు కలిపినది స్పెర్మ్ తిమింగిలపు నూనె! సముద్రములో వేటాడబడిన మహాజంతువు కొవ్వు నగర వీథులలో గేర్లు మార్చుచుండెనన్నమాట. 1970లో అమెరికా ప్రభుత్వము ఆ తిమింగిలమును అంతరించిపోవు జంతువుల పట్టికలో చేర్చెను. రసాయన శాస్త్రజ్ఞులు దానికి బదులు వెదకవలసివచ్చెను. తొలి బదులు నూనెలలో కొన్ని రేడియేటరులోని నూనె చల్లార్చు గొట్టముల లోహమును తినివేయగా, మరల దిద్దుబాటు చేసిరి. పాత కారునకు ఏ నూనె పోయవలెనన్న ప్రశ్న చిన్నది కాదు. కారు తయారీదారుడు చెప్పిన నూనెనే, లేదా దానికి బదులుగా ఆ ప్రమాణమువారే ఒప్పుకొన్న నూనెనే పోయవలెను.

ఇక పాత కారులో గేరు సరిగా మారనప్పుడు చేయవలసిన విచారణకు వత్తము. మన ఇంట రేడియో గొంతు బొంగురుపోయినచో వెంటనే దానిని విప్పి చూతుమా? ముందు ఏరియల్ తీగను, ఎర్తును, ప్లగ్గును చూతుము. ఇచ్చటను న్యాయమదియే. వెలుపలనుండి లోపలికి, చౌక వస్తువునుండి ఖరీదైన వస్తువునకు పోవలెను. అన్నిటికంటె ముందు ఇంజను సరిగా నడచుచున్నదో లేదో చూడవలెను. తడబడు ఇంజను గేరుపెట్టెకు తప్పుడు వార్తలే పంపును. పిదప కారును కొంతదూరము తోలి, ఏ గేరునుండి ఏ గేరునకు మారునప్పుడు, ఎంత వేగమువద్ద ఏమి జరిగినదో కాగితముమీద వ్రాసికొనుడు. మెకానిక్కునకు ఆ కాగితము సగము వైద్యము.

తరువాత నూనె. కారు కొంతదూరము పోయి వేడెక్కిన పిదప చదునైన నేలమీద నిలిపి, హాండుబ్రేకు వేసి, చక్రములకు అడ్డు పెట్టి, ఇంజను ఆపక, కొలబద్దతో చూడవలెను. కడ్డీ పార్కులో నుండవలెనా, న్యూట్రలులో నుండవలెనా యన్నది ఆ కారు పుస్తకము చెప్పును. నూనె తక్కువైనచో పంపు గాలిని పీల్చును. కడ్డీ వేసిన తరువాత కారు ఆలోచించి ఆలోచించి కదలును. మలుపులలో పట్టు జారును. ఎక్కువైనను సుఖము లేదు. తిరుగు భాగములు దానిని మజ్జిగవలె చిలికి నురుగుచేయును; నురుగులోని గాలికి ఒత్తిడి నిలువదు; మరల పట్టు జారును. లోపమునకును అతికిని ఫల మొక్కటే. కనుక కొలువక పోయరాదు.

నూనె రంగును, వాసనను కూడ చూడుడు. ఇంజను నూనెతో పొరపాటు పడకుండుటకై దీనికి ఎర్రరంగు కలుపుదురు. ఎర్రగా, తేటగా నున్నచో ఆశ కలదు. గోధుమరంగు తిరిగి మాడిన వాసన వచ్చుచున్నచో పట్టీలో, పలకలో కాలినవని గుర్తు. పాలు కలిపినట్లు గులాబి రంగున నున్నచో రేడియేటరులోని నీరు చేరినది. ఆ కారును ఇంక తోలరాదు.

మూడవది కడ్డీలు, తీగలు. కీళ్లు అరిగినచో మనము డ్రైవులో వేసినను లోపలి కవాటము సగము దూరమే జరుగవచ్చును. యాక్సిలరేటరునుండి గేరుపెట్టెకు పోవు తీగ వదులైనచో బరువు వార్త తగ్గి, గేర్లు మరీ తొందరగా, పట్టు లేక మారును. జనరల్ మోటార్స్‌వారు 1982 మోడలునుండి వాడిన 700-ఆర్4 అను పెట్టెలో ఈ తీగ అమరిక తప్పినచో ఒత్తిడి చాలక క్లచ్చిలే కాలిపోవును. తీగను సరిచేయుట కొద్ది నిమిషముల పని. చేయకున్నచో నష్టము పెట్టె యంతయు.

నాలుగవది రబ్బరు గొట్టము. 1960 దశాబ్దపు పెక్కు కార్లలో బరువు వార్తను తీగకు బదులు ఇంజను పీల్పు ద్వారా పంపిరి. కాలు తేలికగా నున్నప్పుడు ఇంజను గాలికై గట్టిగా పీల్చును. కాలు నొక్కినప్పుడు ఆ పీల్పు తగ్గును. సన్నని గొట్టము ద్వారా ఆ పీల్పు గేరుపెట్టె ప్రక్కనున్న మాడ్యులేటరు అను డబ్బీకి చేరి, లోపలి రబ్బరు పొరను లాగును. ఆ గొట్టము బీటవారినచో పీల్పు చేరదు. అప్పుడు గేరుపెట్టె ఏమనుకొనును? తోలువాడు కాలు పూర్తిగా అదిమి కొండ ఎక్కించుచున్నాడని భ్రమించును. గేరు ఆలస్యముగా, కుదుపుతో మారును. లోపలి పొరయే చిరిగినచో ఇంజను ఆ చిరుగుద్వారా గేరునూనెను పీల్చి కాల్చును. క్రింద ఒక్క చుక్క కారకయే నూనె తగ్గును. వెనుక తెల్లని పొగ వచ్చును. గొట్టమును ఊడదీసి చూడగా లోపల ఎర్రని తడి యున్నచో సంశయము తీరును.

అయిదవది గవర్నరు. వేగపు వార్త తెచ్చునది ఇదియే. మురికిచేరి ఇది బిగిసిపోయినచో కారు మొదటి గేరు వదలదు; తెరచుకొని నిలిచిపోయినచో ఆగియున్న కారు పై గేరులోనే బయలుదేరజూచును. కొన్ని పెట్టెలలో దీనిని పెట్టె దింపకయే తీసి శుభ్రపరుపవచ్చును. ఆ తరువాత పట్టీల బిగింపు. పాత పెట్టెలలో కొన్నింటికి ఈ మర వెలుపలనే ఉండును. దానిని కారు పుస్తకము చెప్పిన కొలతకే బిగింపవలెను. అటుపిమ్మట ఒత్తిడి కొలుచు గేజి. ఇన్నియు చూచిన తరువాతనే పెట్టెను దింపు మాట.

ఒకటి రెండు హెచ్చరికలు. ఇంజను నడచుచుండగా పార్కులో నున్నదిగదా యని కారు క్రిందికి దూరరాదు. మనవైపు అలవాటు చొప్పున బండిని తోసి స్టార్టు చేయుట పాత ఆటోమేటిక్ కార్లలో అన్నిటికి చెల్లదు. తొలికాలపు పెట్టెలలో చక్రములు తిరిగినప్పుడు పనిచేయు వెనుక పంపు ఉండెడిది. 1960 దశాబ్దపు మధ్యభాగమున పెక్కు తయారీదారులు దానిని తీసివేసిరి. అట్టి కారును ఎంత తోసినను ఇంజను కదలదు. బలమందుకొను చక్రములు నేలమీద నుండగా దూరము లాగుకొని పోయినచో నూనె అందక లోపల కాలిపోవును.

1980 దశాబ్దమునుండి రెండు వార్తలను తెచ్చు పని క్రమముగా విద్యుత్ సాధనములకును, కంప్యూటరునకును సంక్రమించెను. మన దేశమున 2014లో వచ్చిన మారుతి సెలెరియోలో వేరొక మార్గము త్రొక్కిరి. అందు క్లచ్చియు, గేర్లును మామూలువే. వాటిని నొక్కి జరుపు కాలును, చేయియు మాత్రము యంత్రమునవి. ఇట్టివానికి పైని చెప్పిన చికిత్సలు వర్తింపవు. కాని ప్రశ్నలు మాత్రము ఆ రెండే: వేగమెంత? బరువెంత?

మా మేనమామగారి కారు మాట మరచిపోలేదు. పొరుగుననే యొక ముసలి మెకానిక్కు ఉండెను. ఆయన కారును ఒకమారు తోలి చూచి, బానెట్టు ఎత్తి, ఇంజను ప్రక్కన వేలు పోనిచ్చి, చలికి బిరుసెక్కి చీలిన జానెడు రబ్బరు గొట్టమును బయటికి లాగెను. క్రొత్త ముక్క తొడిగెను. ఒక పూట భోజనపు వెల కూడ పుచ్చుకొనలేదట. కారు ఆ చదువు ముగియువరకు, తరువాత ఉద్యోగములో మొదటి రెండేండ్లును నడచెను. గేరుపెట్టెలో చెడినదేమియు లేకుండెను. దానికి చేరిన వార్త తప్పు. ఆ తప్పు వార్తకు అది న్యాయముగానే నడచుకొనెను.

ఆ గొట్టపు ముక్కను మామగారు పారవేయలేదు. స్వదేశమునకు వచ్చునప్పుడు పెట్టెలో వేసికొని వచ్చిరి. చిన్నతనమున మాకు దానిని చూపి, ఏ వస్తువైనను చెడినదని తీర్మానించుటకు ముందు దానికి ఎవరేమి చెప్పిరో కనుగొనుడని అనుచుండిరి. అది కార్లకు సంబంధించిన మాట యనియే అప్పుడు తలచితిమి.